అతికినవాళ్ళు లాగరు

"నియమం నాకు కంఠతా వచ్చు మాస్టారూ. పక్కవాళ్ళ రాతలో ఇట్టే పట్టేస్తాను. నా రాతలో మాత్రం ఎందుకు కనపడి చావదు?" అని హైమావతి సోమలింగం మాస్టారిని అడిగింది. అడిగింది అనడం మర్యాద కోసం, నిజానికి అరిచింది.

అరవక ఏం చేస్తుంది? కోర్టు అనువాదకుల పరీక్ష ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. రెండుసార్లు తప్పింది. వయోపరిమితి ఈ ఏటితో సరి, ఇదే ఆఖరు. తెలుగు వాంగ్మూలాన్ని ఇంగ్లీషులోకి దించడంలో ఆమెకు వంక పెట్టేవాళ్ళు లేరు, ఒక్క కామా దగ్గర తప్ప. సాక్షి వచ్చాడన్నది ఒక పూర్తి వాక్యం. గది ఖాళీగా ఉందన్నది ఇంకొకటి. ఇంగ్లీషులో వాటి మధ్య చుక్క పెట్టి విడదీయాలి, లేదా కలిపే మాటేదో వేసి కలపాలి. హైమావతి ఓ కామా గీకి ముందుకు వెళ్ళిపోయేది. మూడేళ్ళపాటు ఎర్ర సిరాతో చుట్టి చుట్టి మాస్టారి చెయ్యి నొప్పి పుట్టింది గానీ ఆమె అలవాటు మారలేదు. ఆవేళ పొద్దున మాస్టారు ఆమె కాగితం చదివి, సిరా చుక్క పడనీయకుండా వెనక్కిచ్చి, "ఉన్నాయి, వెతుక్కో" అన్నారు. అరగంట వెతికితే ఒక్కటీ దొరకలేదు. అందుకే ఆ అరుపు.

మాస్టారు లేచారు. చెప్పులు తొడుక్కుని, "పక్కింటిదాకా వస్తావా?" అన్నారు. చదువుకోవలసిన పూట ఈ షికారేమిటని పళ్ళు నూరుకుంటూ, కాగితం చేత్తో పట్టుకునే ఆమె వెంట నడిచింది.

చీరాలలో మాస్టారుండేది నేతవాళ్ళ వీధి. పక్కింట్లో నాగరత్తమ్మ మగ్గం ముందు కూర్చుని నిలువు పోగుల పడుగు అతుకుతోంది. పాత పడుగు అయిపోయినప్పుడు దాని కొసల్ని మగ్గం మీదే వదిలి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టాలి. వేలల్లో ఉంటాయి పోగులు. ముసలావిడ వేళ్ళు జారకుండా బూడిదలో అద్దుకుని ఎంత చకచకా మెలేస్తోందంటే హైమావతి తన కోపం కాసేపు మరిచిపోయింది.

ఒక వరస పూర్తవగానే నాగరత్తమ్మ పక్కకు జరిగింది. కోడలు శేషమ్మ వచ్చి కూర్చుని, అత్త అతికిన పోగుల్ని ఒక్కొక్కటే పట్టి లాగడం మొదలుపెట్టింది. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. లాగితే మూడు ఊడొచ్చాయి.

"మూడోది బానే ఉందే! నువ్వు మరీ మొరటుగా లాగావు," అంది నాగరత్తమ్మ.

"ఇప్పుడు ఊడితే అదొక్కటే ఊడిద్ది అత్తా. రేపు నేసేటప్పుడు ఊడితే పక్కన నాలుగింటిని తెంపుకుపోదూ?"

ముసలావిడ గొణుక్కుంటూనే ఆ మూడింటినీ మళ్ళీ మెలేసింది. హైమావతికి ఉండబట్టలేక, "ఇంత పనితనం ఉన్నదానివి, నువ్వే లాగి చూసుకోవచ్చుగా పెద్దమ్మా?" అంది.

"నేనతికింది నేను లాగితే ఒక్కటీ ఊడదమ్మా. ఎంత కష్టపడి అతికానో నాకు తెలుసుగా, చెయ్యి దానంతటదే మెత్తబడిద్ది. మా ఇంట్లో అతికినవాళ్ళు లాగరు. మా కోడలు లాగిద్ది. దానికి నా మీద జాలేం లేదు," అంది నాగరత్తమ్మ. శేషమ్మ నవ్వాపుకుంటూ తరువాతి పోగు పట్టుకుంది.

మాస్టారింటి అరుగు మీదికి తిరిగొచ్చాక హైమావతి కోపం రెట్టింపయింది. అర్థం కాకపోతే అదో దారి, అర్థమై కూడా పనికిరాకపోతే ఎవరికైనా ఒళ్ళు మండదూ!

"బాగానే ఉంది మాస్టారూ. పరీక్ష హాల్లోకి కోడల్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?"

మాస్టారు ఆమె చేతిలోని కాగితం తీసుకున్నారు. పైన ఆమె పేరు కొట్టేసి, అక్కడ తన పేరు రాశారు. ఎర్ర సిరా కలంతో సహా ఆమె ఒళ్ళో పెట్టారు.

"ఇది నేను రాశాను. దిద్దు."

మూడేళ్ళ ఎర్ర సిరా అంతా ఒక్కసారిగా హైమావతికి గుర్తొచ్చింది. కలం అందుకుంది. ప్రతి కామా దగ్గరా ఆగి, ఇటుపక్క ముక్కనీ అటుపక్క ముక్కనీ పట్టి లాగింది. రెండూ దేనికది నిలబడ్డాయా, చుట్టేసింది. కలం మొన దిగి ఒకచోట కాగితం చిరిగింది కూడా. ఇంత చేతగాని రాత ఎవరు రాశారని ఒక దశలో నిజంగానే విసుక్కుంది. చుట్టినవాటిలో చుక్క పెట్టి కొన్ని విడదీసింది, కలిపే మాట వేసి కొన్ని బిగించింది. పది నిమిషాల్లో ముగించి, "ఏడు!" అంటూ కాగితం ఆయన చేతిలో పడేసింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని మొదటినుంచీ చదివారు. మళ్ళీ చదివారు. నాలుగో చుట్టు దగ్గరా ఆరో చుట్టు దగ్గరా చాలాసేపు ఆగారు.

"ఏడా?" అన్నారు చివరికి, ఆమె ముఖం చూడకుండా. "పొద్దున నాకు అయిదే కనిపించాయమ్మా."