గిటారు పొట్టలో మాట

ఊఁ, కాళ్ళు లోపలికి లాక్కో. దుప్పటి తన్నావంటే కథ సగంలో ఆపేస్తాను, ముందే చెప్తున్నా. మధ్యమధ్యలో ఊఁ కొట్టు. నువ్వు ఊఁ కొట్టకపోతే నేను గోడకి చెప్పుకుంటున్నట్టుంటుంది.

అనగనగా ఒక రైలుకట్ట. ఆ రైలుకట్ట పక్కన ఒక ఊరు. ఊరి పేరు పనసపేట. ఆ ఊళ్ళో ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో దీనమ్మ అనే ఆవిడ గిటార్లు చేసేది. ఆఁ, గిటార్లే. వీణలు కాదు, తంబురాలు కాదు. నవ్వుతావేం, చెప్పనీ!

గిటారు ఆ ఊరికెలా వచ్చిందంటావా? దీనమ్మ వాళ్ళ నాన్న వడ్రంగి. ఒకసారి రైలు గార్డుగారి గిటారు మీద ఎవరో లావుపాటాయన చూసుకోకుండా కూర్చున్నాడట. ఇంకేముంది, ఫట్! పాపం ఆ గార్డుగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుపు మొహంతో వడ్రంగి దగ్గరికొచ్చాడు. అప్పుడు ఆ వడ్రంగి దాని పొట్ట విప్పి చూశాడు. లోపల సన్న సన్న బద్దలు, మన పక్కటెముకల్లా. "ఓహో, ఇదా నీ గుట్టు" అనుకున్నాడు. దాన్ని బాగుచేసి ఇచ్చేశాడు. ఆ తర్వాత అచ్చు అలాంటిదే ఇంకొకటి చేశాడు. చిన్న నడుము, గుండ్రటి భుజాలు, పాతకాలపు వాటం. ఆయన తర్వాత దీనమ్మ అదే పని పట్టుకుంది. ఊళ్ళోకి ఎన్ని మిషన్లొచ్చినా ఆ షెడ్డులోకి ఒక్కటీ రాలేదు. చిత్రిక, ఉలి, చేతులు. అంతే.

పేరుకి దీనమ్మే గానీ, ఆవిడలో దీనత్వం ఆవగింజంత కూడా ఉండేది కాదు. నోరు విప్పితే రైలు కూత కూడా చిన్నబోయేది. ముఖ్యంగా, ఎవరైనా థాంక్స్ అన్నారా, ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. "ఆ మాటేమన్నా కూరా, కంచంలో వేసుకోడానికి? పోయి పని చూసుకో" అనేది. మనిషి మాత్రం వెన్న. వెన్నకి కారం రాసినట్టన్నమాట.

ఆవిడకి ఒక వింత అలవాటుండేది. గిటారు పైపలక సన్నగా చిత్రిక పట్టాక, దాన్ని వేలి కణుపుతో తట్టి అందరిలా చెవి దగ్గర పెట్టుకునేది కాదు. దవడ ఎముకకి ఆనించుకునేది. కళ్ళు మూసుకుని, టక్ టక్ మని తట్టుకునేది. "చెవి మొహమాటపడుతుందే, ఎముక మొహమాటపడదు" అనేది. చూసినవాళ్ళకి ముసలావిడ పంటినొప్పితో బాధపడుతున్నట్టుండేది.

ఆ షెడ్డుకి ఒక ఆచారం కూడా ఉంది. గిటారుకి వీపు చెక్క అన్నిటికంటే చివర అతికిస్తారు. అది అతికిస్తే పొట్ట మూసుకుపోయినట్టే. అందుకని మూసేముందు, చేసినవాళ్ళు ఆ పొట్టలోకి వంగి ఒక మాట చెప్పాలి. ఆ మాట ఇంకెవరికీ చెప్పకూడదు. గిటారు బతికినన్నాళ్ళూ ఆ మాటనే పాడుతుందని వాళ్ళ నమ్మకం.

ఇంకోటి. ఎవరు పని నేర్చుకున్నా, వాళ్ళ చేతుల్లో మొదట పాడిన గిటారు అమ్మరు. నేర్పినవాళ్ళకిస్తారు. నేర్పినవాళ్ళు దాన్ని విని, "ఊఁ, పాడింది" అనాలి. అప్పుడే మేస్త్రీ అయినట్టు.

నిద్దరొస్తోందా? ఊఁ అను మరి.

దీనమ్మకి ఒక్కడే కొడుకు, ప్రభుదాసు. గిటార్లు భుజానేసుకుని బళ్ళకీ చర్చీలకీ ఇచ్చొచ్చేవాడు. వాడికి పెళ్ళి చేశారు. పెళ్ళికూతురి పేరు సువార్త. పాపం తల్లిలేని పిల్ల, పిన్ని దగ్గర పెరిగింది. ఆ పిల్ల ఏది పట్టుకున్నా జారిపోయేది. గ్లాసు పట్టుకుంటే గ్లాసు, గిన్నె పట్టుకుంటే గిన్నె. "అవి చేతులా, చేటలా? ఏదీ ముట్టుకోకు" అని పిన్ని రోజూ తిట్టేది. పాపం ఆ పిల్ల చేతులు కొంగులో దాచుకునే అత్తారింటికొచ్చింది.

అప్పుడు దీనమ్మ కోడల్ని గుమ్మంలో నిలబెట్టి, మొహం చూడలేదు, నగ చూడలేదు. "ఏదీ, చేతులు చూపించు" అంది. సువార్త కొంగులోంచి చేతులు తీసి చాపింది. అత్తగారు వేళ్ళు వంచి చూసింది, అరచెయ్యి నొక్కి చూసింది. "ఈ చేతులు నాకు కావాలి" అంది. చేతిలో చిత్రిక పెట్టింది. ఆ చిత్రిక జారిపోలేదు. ఎందుకో తెలీదు, జారిపోలేదంతే.

ఆ రోజు సువార్తకి ఏదో చెప్పాలనిపించింది. "అత్తయ్యా, మీరు..." అని మొదలెట్టింది. "ఆపు. పని చూడు" అంది అత్తగారు. ఆ తర్వాత ఎప్పుడు మొదలెట్టినా అదే వరస. దాంతో ఆ మాట ఆ పిల్ల గొంతులోనే ఉండిపోయింది.

అలా అలా సువార్త పనంతా నేర్చుకుంది. పనస చెక్కని నీళ్ళలో నానబెట్టి, కాగిన ఇనపగొట్టం మీద మెల్లిగా ఒత్తి గిటారు నడుము వంచడం నేర్చుకుంది. ఆవు తోలు ఉడకబెట్టి, వేడివేడి బంక కాచి, అతకడం నేర్చుకుంది. ఇంకేం, సొంతంగా ఒకటి చెయ్యడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే దీనమ్మ చెవుల్లో హోరు మొదలైంది. డాక్టరుగారు చూసి, "వయసమ్మా. మెల్లిగా మూసుకుపోతాయి, చేసేదేం లేదు" అన్నాడు. దీనమ్మ "పోతే పోనీ, పనికిమాలిన మాటలు వినే బాధ తప్పుతుంది" అంది. సువార్తకి మాత్రం గుండెలో రాయి పడ్డట్టైంది. అత్తయ్య చెవులు మూసుకుపోయేలోపు నా గిటారు వినాలి, నా గిటారు విని "పాడింది" అనాలి. ఇదే ధ్యాస ఆ పిల్లకి, తింటున్నా పడుకున్నా.

మొదటి గిటారు మొదలెట్టింది. కానీ ఏమైంది, ఆ పిల్లకి కాస్త గర్వం ఎక్కింది. అత్తయ్య చేసినవాటికంటే నాది ధగధగలాడాలి అనుకుంది. అంచుల చుట్టూ ముత్యపుచిప్పల ముక్కలు పొదిగింది. లక్క పాలీషు పూతమీద పూత వేసింది, అద్దంలో చూసుకున్నట్టు మొహం కనపడేదాకా. పొట్ట మూసేముందు లోపలికి వంగి, "నా అంత పనిమంతురాలు ఈ ఊళ్ళో లేదు" అని చెప్పింది. ఆ మాట నీకెందుకు చెప్తున్నానంటే, ఆ గిటారు పాడలేదు, అందుకని చెప్పచ్చు. తీగ మీటితే బియ్యం డబ్బా మీద తట్టినట్టు డబ్ డబ్ మంది. అంత పాలీషు కింద చెక్కకి ఊపిరాడితేగా!

దీనమ్మ దాన్ని దవడకి ఆనించుకుంది. "పైన పటారం, లోన లొటారం" అంది. అంతే, పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత రెండోది. ఈసారి గర్వం లేదు, తొందరుంది. అప్పటికి దీనమ్మకి గట్టిగా అరిస్తేగానీ వినపడటం లేదు. "కాస్త ఆగవే, వానలు తగ్గనీ, చెక్క ఆరనీ. నిదానమే ప్రధానం" అంది అత్తగారు. "ఆలస్యం అమృతం విషం అని కూడా ఉందండీ" అని అరిచింది కోడలు. పచ్చివాసన పోని చెక్కని అలాగే అతికించేసింది. పొట్టలోకి వంగి, "తొందరగా పాడు, తొందరగా పాడు" అంది. వానలు పోయాయి. ఎండ కాసింది. తీగలు బిగిస్తుండగానే పైపలక మధ్యలో టప్ మని చీలిపోయింది.

అప్పుడు సువార్తకి ఎక్కడలేని కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద అని సామెత ఉందిగా, ఇక్కడ దుత్త లేదు, బంక కుండ ఉంది. దాన్ని ఒక్క తన్ను తన్నింది. షెడ్డంతా బంకే! చెప్పు అతుక్కుపోయి ఒంటికాలి మీద గెంతింది పాపం. దీనమ్మ తిట్టలేదు. ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి చేతికిచ్చి, నేల కడగడానికి తనే కూర్చుంది.

ఆ తర్వాత చలి వచ్చింది. ఒక పొద్దున దీనమ్మ లేచి పెరట్లోకొచ్చి, "ఏమే సువార్తా, ఇవాళ కోడి కూయలేదేం?" అంది.

కోడి అక్కడే గోడమీదే ఉందమ్మా. గొంతు చించుకుని కూస్తోంది.

సువార్తకి విషయం అర్థమైంది. పొయ్యి దగ్గర కూర్చుని, పొగకి కళ్ళు మండుతున్నట్టు నటిస్తూ ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఇంక గిటారెందుకు, ఎవరు వినడానికి? అని పనిలోకి పోవడం మానేసింది. అప్పుడు దీనమ్మ వచ్చి చెయ్యి పట్టి లేవదీసింది. "పోయినవి నా చెవులే, నీ చేతులు కాదు. పద" అంది.

అలా మూడో గిటారు మొదలైంది. ఇప్పుడు గొప్ప చూపించుకోడానికి వినేవాళ్ళు లేరు, అందుకని గర్వం లేదు. మించిపోయే గడువు లేదు, అందుకని తొందరా లేదు. మిగిలిందల్లా పనే. చెక్క ఆరేదాకా ఆగింది. నడుము వంగేదాకా ఆగింది. రైల్లో వచ్చిన దేవదారు పలకని గాజు పెంకుతో గీకి గీకి, ఊదితే అదిరేంత సన్నగా చేసింది. పాలీషు పల్చగా, చెయ్యి తడిమినట్టు పూసింది.

వీపు చెక్క అతికించే వేళైంది. సువార్త గిటారు పొట్టలోకి వంగింది. అడగడానికి ఏమీ లేదు, చెప్పుకోడానికి గొప్పా లేదు. మరేం మిగిలింది? ముందు పనస చెట్టుకి దణ్ణం పెట్టింది, పడిపోయి కూడా తనకి పనికొచ్చినందుకు. ఆ తర్వాత ఆవుకి పెట్టింది, చచ్చి కూడా బంకై అతికించినందుకు. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ గొంతులో ఉండిపోయిన మాట ఉందే, ఆ మాట చెప్పింది. ఏం మాటా? ఉండు, చెప్పకూడదన్నానుగా! పొట్ట మూసేసింది.

బంక ఆరింది. తీగలు బిగించింది. తీసుకెళ్ళి అత్తగారి ముందు పెట్టింది. ఆచారం ఆచారమే కదా, వినపడకపోయినా ఇవ్వాలి.

దీనమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని తడిమింది. భుజాలు తడిమింది, నడుము తడిమింది. ఆ తర్వాత ఎప్పట్లాగే వంగి, దవడ ఎముకని గిటారు అంచుకి ఆనించింది. కళ్ళు మూసుకుంది. "మీటు" అంది.

సువార్త లావు తీగ మీటింది. దీనమ్మ కనుబొమలు పైకి లేచాయి. "మళ్ళీ" అంది. మళ్ళీ మీటింది. దీనమ్మ చెయ్యి కోడలి మోకాలి మీద పడింది. "మళ్ళీ" అంది. ఈసారి సువార్త తీగలన్నీ కలిపి మీటింది. దీనమ్మ దవడ ఇంకా గట్టిగా ఆనించింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా గిటారు మీద పడ్డాయి.

"ఊఁ" అంది దీనమ్మ. "పాడింది."

వినపడిందా? చెవులు లేని మనిషికి వినపడిందా? అవునమ్మా, ఎముకల్లోంచి వినపడింది.

"పాడటమే కాదే," అంది దీనమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇది ఒకటే మాట అంటోంది. ఎవరికీ అక్కర్లేని చేతుల్ని మీరు కావాలన్నారు, మీ మేలు మర్చిపోను అత్తయ్యా అంటోంది. ఈ మాటేనా నువ్వు చెప్పింది?"

సువార్త అవునన్నట్టు తలూపింది. ఆ మాట ప్రభుదాసుకి కూడా చెప్పలేదు మరి! ఎలా తెలిసిందో నన్నడక్కు, నేను విన్నదే నీకు చెప్తున్నాను.

అప్పుడు దీనమ్మ ఆ పిల్ల రెండు చేతులూ తీసుకుని తన బుగ్గలకి ఆనించుకుంది. "నా చెవులే బాగుండి ఉంటే ఈ మాటని సగంలోనే ఆపేసేదాన్నే పిచ్చిమొహమా. పోబట్టి, పూర్తిగా విన్నాను" అంది.

ఆ తర్వాత ఆ షెడ్డులో ఎన్ని గిటార్లు తయారైనా, ముందు దీనమ్మ దవడకి ఆని, ఆ తర్వాతే గడప దాటేవిట. థాంక్స్ అన్నవాళ్ళని కూడా ఆవిడ ఇంక కసరలేదు. గిటారు అంచు చూపించి, "ఇక్కడ చెప్పు, వింటాను" అనేదట.

నువ్వూ రేపు లేవగానే మీ అమ్మకి చెప్పు, రోజూ నీ చిక్కుజుట్టు దువ్వుతున్నందుకు. ఆపమంటే ఆపకు. నాకా? నాకు ఇప్పుడు ఊఁ కొట్టావు కదా, చాల్లే.

పనస చెక్క పాడింది, ఎముక కాస్తా విన్నది,
కారమంటి దీనమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.
మనసులోని మంచిమాట మనసులోనే దాచకు,
పొద్దున్నే చెబుదువుగాని, పడుకో, కళ్ళు తెరవకు.
కథ వెళ్ళె కంచికి, గిటారేమో గోడకి,
నువ్వేమో నిద్దట్లోకి, నేను నీ పక్కకి.