సోపు వాసన

లుత్ఫీకి ఒకటే పట్టుదల. ఆశ్రమంలో మూలికలు కోసే కత్తి తన చేతికి రావాలి. సముద్రం ఒడ్డున కొండ మీదున్న ఆ సూఫీ ఆశ్రమానికి జబ్బుపడ్డవాళ్ళు రోజూ వస్తారు. మొక్కల విషయంలో పొరబడనివాడికే అక్కడి గురువు షేక్ మబ్రూక్ ఆ కత్తి ఇస్తాడు.

వసంతం వస్తే అక్కడి కొండలన్నీ పసుపుపూల గుత్తులతో నిండిపోతాయి. కడుపునొప్పి తగ్గించే అడవిసోపుదీ అదే పువ్వు, అదే నూలుపోగుల్లాంటి ఆకు. దాని పక్కనే మొలిచే ఇంకో మొక్కదీ అంతే. ఆ రెండోది మేసిన గొర్రెలు రక్తం పోయి చస్తాయి. ఆకు నలిపి వాసన చూస్తే తప్ప తేడా తెలియదు.

ఆ ఉదయం హలీమా అనే ఆవిడ, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న కూతుర్ని ఎత్తుకొచ్చింది. గురువు నోరు విప్పకముందే మనవాడు బుట్ట పట్టుకుని కొండెక్కేశాడు. ఎండా లెక్కచెయ్యలేదు, ముళ్ళూ లెక్కచెయ్యలేదు. బుట్టనిండా కోసుకొచ్చి, మరుగుతున్న నీళ్ళలో వెయ్యబోయాడు.

షేక్ బుట్టలో పైనున్న రెమ్మ అందుకున్నాడు. "ఇదేమిటి నాయనా?"

"సోపే బాబా. ఒక్కొక్కటీ నలిపి వాసన చూశాకే కోశాను. పువ్వు చూసి మోసపోయే రకం కాదు నేను."

ఆ మాటలో కాస్త పొగరు లేకపోలేదు.

ముసలాయన పొయ్యి పక్కనున్న బూడిద తీసుకుని, శిష్యుడి చేతులు చంటిపిల్లాడికి తోమినట్టు తోమాడు. కూజాతో నీళ్ళు పోశాడు. అప్పుడు అదే రెమ్మ తిరిగి ఇచ్చాడు.

లుత్ఫీ నలిపాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. సోపు వాసన లేదు. హలీమా కూతురి వైపు చూడాలంటేనే భయమేసింది.

"కొండ మీద వచ్చింది బాబా. ప్రతిదానికీ వచ్చింది."

"మొదటిదానికి వచ్చింది," అన్నాడు షేక్. "ఆ తర్వాత నీ వేళ్ళనే వాసన చూసుకుంటూ వచ్చావు."

లుత్ఫీ బుట్ట బోర్లించి, ఒక్కో రెమ్మకీ చేతులు కడుక్కుంటూ మళ్ళీ మొదలుపెట్టాడు. తీరా చూస్తే అంత బుట్టలోనూ అసలు సోపు గుప్పెడే తేలింది. ఆ గుప్పెడే పిల్లకి కాచి పోశారు. సాయంత్రానికి అది తల్లి వేలు పట్టుకుని కొండ దిగింది.

మర్నాడు లుత్ఫీ బుట్ట భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, షేక్ కత్తి తెచ్చి అరుగు మీద నీళ్ళ కూజా పక్కన పెట్టాడు.

"రెండిట్లో ఏదో ఒకటే పట్టుకెళ్ళు," అన్నాడు.

లుత్ఫీ కూజా ఎత్తుకున్నాడు.