చెమ్మరాతికోనలో తొలి దోసెడు

చెమ్మరాతికోన మెట్లెక్కి వచ్చిన భక్తులు మొదట అడిగేది స్వామి ఎక్కడని కాదు, నీళ్ళెక్కడని. మూడువందల పన్నెండు మెట్లు; అడగడం తప్పు కాదు. ఊట దగ్గరికి పోయి దోసెడు పట్టుకోండి. కానీ తాగేయకండి, గర్భగుడికీ తీసుకుపోకండి. ఎడమవైపు తలనీలాల చావడిలో, నడుము అరిగిపోయిన నల్లని నూరుడురాయి ఒకటి ఉంటుంది. మొదటి దోసెడు దానిది. రెండోది మల్లన్న స్వామిది. మూడోది మీది.

పూర్వం ఇక్కడ మాచమ్మ అనే మంగలి ఇల్లాలు ఉండేది. భర్త కోనయ్యకు కుడిచెయ్యి పడిపోయాక కత్తుల పొది ఆమె చేతికొచ్చింది. తెల్లవారితే కత్తులు నూరడం, భక్తుల తలలు గొరగడం, ఇంటికి పోయి కోనయ్యకు ముద్ద కలిపి పెట్టడం. ఆమె భుజం నొప్పి గురించి ఏ శాసనంలోనూ లేదు. శాసనాలు చెక్కించేవారికి భుజాలు నొప్పి పుట్టవు కదా.

కత్తి నూరుతున్నంతసేపూ రాయి మీద తడి ఆరకూడదు. ఆరితే ఇనుప మడ్డి రాతిలో కూరుకుపోయి, కత్తి అంచుకు కంటికి ఆనని పళ్ళు తేలుతాయి. అటువంటి కత్తి వెంట్రుకను పీకుతుంది, తోలును కోస్తుంది.

ఒకప్పుడు మూడేళ్ళు వరసగా వానలు మొహం చాటేశాయి. ఊట రోజుకొక కడవకు దిగింది. పూజారి గవరయ్య ఆ కడవను అభిషేకానికని గర్భగుడి గడప లోపల పెట్టుకుని, ఎవరైనా ముంచుకుపోతారేమోనని తొమ్మిది రోజులుగా రెప్ప వేయకుండా కాపలా కూర్చున్నాడు. చెడ్డవాడు కాడు, భయస్థుడు.

అప్పుడు ఏటి అవతలి పల్లె నుంచి డెబ్బైమంది వచ్చారు. అమ్మవారు పోసి, చావు తప్పి బయటపడిన పిల్లలు వాళ్ళలో సగం. పొద్దు గుంకేలోగా తలనీలాలు ఇస్తామని మొక్కు. పిల్లల నెత్తి మీద పొక్కులింకా పచ్చిగానే ఉన్నాయి. ఒక్క గాటు పడితే చీము పడుతుంది. తల తడపడానికి వాళ్ళు మజ్జిగ తేట తెచ్చుకున్నారు. అది తలకు సరే. రాతి మీద పోస్తే ఉక్కు అంచును తినేస్తుంది.

మాచమ్మ గడప దగ్గరికి పోయి దోసెడు నీళ్ళడిగింది.

“స్వామి నీళ్ళు రాతికా? దీపం నూనె పోస్తాను, పట్టుకుపో” అన్నాడు గవరయ్య.

“నూనె తాగిన రాయి మళ్ళీ నీళ్ళు పట్టదయ్యా.”

ఉత్త చేతులతో చావడికి తిరిగొస్తే, “ఉమ్మేసి నూరవే” అన్నాడు, ఆ పూట ఆమె వెంట వచ్చి చాప మీద పడుకున్న కోనయ్య.

“దేవుడికిచ్చే తలమీద నా ఉమ్మా? నువ్వు పడుకో.”

చేసేది లేక పొడిరాతి మీదే నూరింది. తప్పని తెలిసీ నూరింది. వచ్చినవారిలో పెద్దది, పేరమ్మ అనే ముసలామె, “ముందు నా తల చూడు, తర్వాతే పిల్లలు” అని కూర్చుంది. మూడు చోట్ల తెగింది. ముసలామె కొంగుతో అద్దుకుని దర్శనానికి పోయింది. మాచమ్మ కత్తి కింద పెట్టేసి రాతికి చేరగిలబడింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. అలాగే కన్నంటుకుంది.

కలలో గడ్డం మాసిన ముసలివాడొకడు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. “నా నెత్తిన పోసే నీళ్ళు ముందు నీ రాతిమీద పోయమను. నాకేం దాహం లేదు.”

“ఆ మాట గవరయ్యకు చెప్పు తాతా, నాకెందుకు? నా మాట ఎవరు వింటారు?”

“ఎలా చెప్పను? వాడు నిద్రపోతేగా.”

మాచమ్మ లేచి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. గవరయ్య ఎర్రబడ్డ కళ్ళతో చూశాడు. “నీ కలలోకి వచ్చిన స్వామి నా కలలోకి రాడా?”

“తమరు పడుకోవాలి కదయ్యా. సరే, కల వదిలెయ్యండి. మీ గడప చూసుకోండి.”

పేరమ్మ తలనుంచి కారిన నెత్తురు చుక్క గడపమీద ఉంది. నెత్తురు పడిన గడపను కడిగితే తప్ప అభిషేకం లేదు; కడగడానికి సగం కడవ కావాలి.

“ఇంకా అరవై తొమ్మిది తలలున్నాయి. ఎన్ని కడవలు తెస్తారు?” అంది మాచమ్మ.

గవరయ్య లేచాడు. సగం కడవతో గడప కడిగాడు. మిగిలినది తానే మోసుకొచ్చి, మొదటి దోసెడు రాతిమీద పోశాడు. కడవ ఆమె పక్కన పెట్టి, వెనక్కి పోయి గర్భగుడి గడప మీదే ఒరిగి గురకపెట్టాడు.

మాచమ్మ రాయి కడిగి, కత్తులన్నీ మళ్ళీ నూరింది. పొద్దు గుంకేసరికి అరవై తొమ్మిది తలలూ అయ్యాయి. ఒక్క పసివాడికీ గాటు పడలేదు. రాతి మీద చెమ్మ ఆ తర్వాత ఆరనే లేదంటారు. మాచమ్మకు స్వామి ఏం వరమిచ్చాడని అడుగుతారు కొందరు. కథలో లేదు. ఆమె ఇంటికి పోయి కోనయ్యకు ముద్ద కలిపి పెట్టింది.

నిద్రలో స్వామి ఏం చెప్పాడో గవరయ్య ఎవరికీ చెప్పలేదు. లేచాక మాత్రం ఈ నీళ్ళ వరుస పెట్టాడు. నేటికీ అదే నడుస్తోంది. రాయి తడపనిదే ఇక్కడ అభిషేకం మొదలుకాదు. ఆ రాతిమీద నూరిన కత్తితో పుట్టువెంట్రుకలు తీయిస్తే పిల్లలు చల్లగా ఉంటారనీ, దాని మీద దోసెడు పోసిన అలసిన ప్రాణికి నిద్ర పడుతుందనీ నమ్మకం.

మధ్యాహ్నం గుడి తలుపులు గడియసేపు మూసి ఉంటాయి. లోపల పూజారి పడుకుని ఉంటారు. విసుక్కుని తలుపు బాదకండి. స్వామి ఆయనకేదో చెప్పుకుంటూ ఉండవచ్చు.