వరుసరాళ్ల నోము

అక్షింతలు చేత పట్టుకొని, మోకాలికి మోకాలు తగులునట్లు దగ్గరగా జరిగి కూర్చుండుడు. దూరముగా కూర్చుండి వినదగిన కథ కాదిది.

ఒకనాడు మారేడువనమున పర్ణాశనుడను ముని, తనకంటె పెద్దవాడైన చిరశ్రవుని పాదములకు మ్రొక్కి యిట్లడిగెను: "స్వామీ! కలియుగమున ప్రభువులు పేదలకు ధనము పంపుదురనియు, అది నడుమ నెవ్వరి చేతను పడక తిన్నగా వారికే చేరుననియు వింటిని. ఆకలి తీరినను వారిలో కొందరి కంట తడి యారదట. అది యేమి దుఃఖము? దాని కేది నోము?" చిరశ్రవుడు అతనిని లేవనెత్తి కూర్చుండబెట్టెను. పిమ్మట, "నాయనా! ఇది ముందు జరుగబోవు కథ. నేను కన్నులార చూచితిని గనుక జరిగినట్లే చెప్పెదను" అని చెప్పదొడగెను.

నువ్వులవలస యను పల్లెలో, ఊరి చివర తాటితోపు ప్రక్కన గైరమ్మ యను ముసలిది యుండెను. పిల్లలు కలుగలేదు. పెనిమిటి పోయి పన్నెండేండ్లాయెను. తాటాకు చాపలు అల్లి అమ్ముకొనుచు, అవి అమ్ముడుపోని నాడు గంజినీళ్లు త్రాగి పడుకొనెడిది. ప్రభువులు ఇట్టివారియందు దయదలచి నెలనెలా పింఛను ఏర్పరచిరి. నెల మొదటి దినమున చుట్టుపట్ల మూడు పల్లెల ముసలివాండ్రందరును నువ్వులవలస చావడికి వచ్చి, వరుసలో నిలిచి తీసుకొనవలెను.

గుమాస్తా మిట్టమధ్యాహ్నమునకు గాని రాడు. వచ్చిననాడు డబ్బు సంచి తేడు. సంచి తెచ్చిననాడు టీ ఖర్చు అడుగును. వీరు తెల్లవారకముందే వచ్చి, అంతసేపు నిలువలేక, మనిషి కొక రాయి తెచ్చి వరుసలో తమ చోట పెట్టి, తాము గోడనీడన చేరబడెడివారు. ఎవరి రాయి వారికి గురుతు. సన్యాసమ్మది ఎర్రరాయి. దాని వెనుక గైరమ్మది విరిగిన సన్నికల్లు ముక్క. దాని వెనుక ఒంటికన్ను మంగాయిది పలకరాయి. క్రొత్తగా వచ్చినది "చివరెవులే?" అని అడుగును. చివరనున్నది "నానేనే, నా ఎనకాల రాయెట్టు" అనును.

రాళ్లు ఎండలో నిలిచియుండగా మనుషులు నీడలో గంజి పంచుకొనిరి, తలలు దువ్వుకొనిరి, కోడండ్రు లేనివారు సైతము ఉన్నవారితో కలిసి కోడండ్రను తిట్టిరి. సన్యాసమ్మ మాట తక్కువ మనిషి. నీడ జరిగినప్పుడెల్ల తాను జరిగి గైరమ్మకు చోటిచ్చును. అంతే ఆమె స్నేహము. ఆ చావడి గోడగూటిలో, వరుసలను కాచు వరుసమ్మ తల్లి వ్రేలెడు రాయి రూపమున, ఎవ్వరును పూజింపకున్నను, వీరి మాటలు వినుచు కూర్చుండెను.

ఒక వేసవిలో గుమాస్తా మూడుమార్లు త్రిప్పి పంపగా గైరమ్మ కడుపుమండి, గూటివైపు చేతులెత్తి, "ఈ పడిగాపులు ఇంక నావల్ల కాదు తల్లీ. ఆ డబ్బేదో మా ఇంటికే అంపించీ" అని మ్రొక్కెను. అందరును మ్రొక్కిరి. తల్లి వినెను. ఏడాది తిరుగకముందే ధనము వారి వారి బ్యాంకు ఖాతాలలో పడునట్లాయెను. టీ ఖర్చు పోయెను, త్రిప్పట పోయెను. గైరమ్మ మోకాలికి మందు కొనెను, ఇంటిపైన క్రొత్త తాటాకు వేయించెను. మంగాయి తల్లిలేని మనుమరాలిని బడి మాన్పింపక నిలుపుకొనెను. ఆ ధనము మంచిదే నాయనా! దానిని తప్పుపట్టువాడు ఒక్కపూట పస్తుండి చూడవలెను.

కాని కోరిక తీరినవారు, కోరిన చోటికి మ్రొక్కుటకు మరల పోలేదు. తప్పంతయు అక్కడ నున్నది.

మొదటి నెల గైరమ్మ పొద్దెక్కువరకు సుఖముగా పడుకొనెను. రెండవ నెల అలవాటుచొప్పున చీకటితో లేచి, గంజికుండకు గుడ్డ కట్టి, చావడికి పోయి, ఎవ్వరును లేకపోగా సిగ్గుపడి తిరిగివచ్చెను. ఎదురైనవారితో చాపలు అమ్మబోయితినని అబద్ధమాడెను. మూడవ నెల మొదటి దినమున ఎవరో ముసలమ్మ, చంకన మూటతో, ఆమె వాకిట నిలిచి "చివరెవులమ్మా?" అని అడిగెను. గైరమ్మ తాటాకు చీల్చుచు తలయెత్తక, వరుసలు పోయినవనియు, ఇప్పుడు డబ్బు ఖాతాలో పడుననియు, దారి చూచుకొమ్మనియు చెప్పెను. గుక్కెడు నీళ్లైన ఇయ్యలేదు. ముసలమ్మ కొంచెముసేపు నిలిచి వెడలిపోయెను. ఆమె వరుసమ్మ యని గైరమ్మ యెరుగదు.

అది మొదలు ఆ యింటిలో మాట లేకపోయెను. చాపలు అమ్మ నక్కరలేదు గనుక సంతకు పోవుట మానెను. బియ్యము బదులడుగ నక్కరలేదు గనుక ఒకరి గడప త్రొక్కుట మానెను. ఎవ్వరితోను పని లేకపోవుట మొదట సుఖముగా నుండెను, తరువాత తరువాత మింగుడుపడ దాయెను. ఒకనాడు కోడిని అదలింపబోగా గొంతు పెగలలేదు. తాను మాటాడి ఎన్ని దినములాయెనో అని తానే బెదరిపోయెను.

వానకాలమున జ్వరము తగిలి నాలుగు దినములు మంచము దిగలేదు. మూడవ దినమున తలదాపున సెల్‌ఫోను కుయ్యిమనెను. ఎవరో పిలిచిరని ఆశపడి అందుకొనెను. డబ్బు పడినదను కబురు. తాను చచ్చినను ఆ కబురు ఇట్లే వచ్చును, మనిషి మాత్రము రాడు. ఈ భయము ఆనాడు ఆమె గుండెలో చొరబడి, జ్వరము పోయినను పోలేదు.

కాళ్లకు సత్తువ వచ్చిన పిమ్మట కఱ్ఱ పట్టుకొని, సన్యాసమ్మను చూడవలెనని పొరుగు పల్లెకు పోయెను. తలుపునకు తాళము వేసియుండెను. సన్యాసమ్మ పోయి రెండు నెలలాయెననియు, మూడు దినములవరకు ఎవ్వరికిని తెలియలేదనియు పక్కింటి కోడలు చెప్పెను. "పింఛను మాత్రం పడతానే ఉందటమ్మా" అని కూడ చెప్పెను. డబ్బు రెండు నెలలు సన్యాసమ్మను వెదకుకొనుచు వచ్చెను. గైరమ్మ ఒక్కనాడును రాలేదు. ఆమె ఆ గడపమీదనే కూలబడి, "నీడ జరిగినప్పుడల్లా జరిగి సోటిచ్చినావే! నిన్ను సూడ్డానికి ఒక్కపాలి రాలేకపోయినానే!" అని నోరార ఏడ్చెను.

తిరిగి వచ్చుచు చావడి కడ ఆగెను. రాళ్లు గడ్డిలో చెదరి యుండెను. ఎర్రరాయిని ఒడిలో పెట్టుకొని గూటివైపు చూడగా, వాకిటికి వచ్చిన ముసలమ్మ జ్ఞప్తికి వచ్చి, ఆమె ఈ తల్లియేయని తెలిసికొనెను. తప్పు కాయుమని సాగిలపడెను. పిమ్మట ఒక్కొక్క రాయిని కడిగి, పసుపు రాసి, ఎర్రరాయి ముందుగా, సన్నికల్లు ముక్క దాని వెనుకగా, పలకరాయి ఆ వెనుకగా వరుస పేర్చెను. పెనిమిటి లేనిదాని చేతి పసుపని తల్లి వేరుగా చూడలేదు.

మరునెల మొదటి దినమున గంజికుండతో పోయి నీడన కూర్చుండెను. ఎవ్వరును రాలేదు. నిండుకుండ మోసికొని ఇంటికి పోయెను. రెండవ నెలయు అంతే. ముసలిదానికి మతి పోయినదని దారిని పోవువారు నవ్విరి. మూడవ నెల నీడ గోడమొదటికి వచ్చి, ఆమె లేవబోవుచుండగా కఱ్ఱ చప్పుడాయెను. మంగాయి వచ్చి నిలిచి, "చివరెవులే?" అనెను.

గైరమ్మ జరిగి చోటిచ్చెను. "నానేనే. నా ఎనకాల రా. నీ రాయి నీ సోటులోనే ఉంది."

"ఏటే, మళ్లీ ఇక్కడే ఇత్తన్నారేటి డబ్బులు?"

"ఏటీ ఇవ్వరే. గంజుంది, తాగు."

మంగాయి కూర్చుండి గంజి త్రాగి, మనుమరాలి చదువు సంగతి పొద్దువాలువరకు చెప్పెను. నాటినుండి ఒకరివెనుక నొకరు చేరి పదునొకండుగురైరి. గైరమ్మ నియమము పెట్టెను. త్రాగుటకు ముందు ఎర్రరాయి కడ గంజి చుక్క విడువవలెను. మధ్యాహ్నమునకు ఏ రాయి కడ మనిషి లేదో, ఆ మనిషి ఇంటికి అందరును పోయి చూచి రావలెను. అంతదాక కుండ మూత తీయరాదు.

ఒక శ్రావణమున మంగాయి రాలేదు. మనుమరాలి బడికి పోయియుండునని చెప్పుకొని, ఆకలికి ఓర్వక మూత తీసి త్రాగిరి. పొద్దువాలినాక పోయి చూడగా, మంగాయి ఉదయమునుండి నూతిగట్టు కడ కాలు విరిగి, పిలిచి పిలిచి నోరెండి పడియుండెను. అందరును ఆమె కాళ్లమీద పడిరి. మంచముపై మోసికొని వైద్యుని కడకు పోయిరి. మంగాయి మూడు నెలలకు లేచి నడచెను. ఆపై ఎవ్వరును ముందుగా మూత ముట్టలేదు.

కొన్ని ఏండ్లకు ఒక నెల సన్నికల్లు ముక్క కడ మనిషి లేదు. కుండయు రాలేదు. పదిమందియు లేచి తాటితోపు దారి పట్టిరి. గైరమ్మ తలుపువైపు తిరిగి పడుకొనియుండెను. తొలి జ్వరమునాడు ఎంత ఎదురుచూచినను వినబడని చప్పుడు, వాకిట కాళ్ల చప్పుడు, ఆమె వినెను. మంగాయి ఆమె తలను ఒడిలో పెట్టుకొని నీళ్లు పోసెను.

"చివరెవులే?" అని గైరమ్మ అడిగెను.

"నానేనే. నువ్వు ముందుకెల్లు. నీ ఎనకాల నానున్నాను" అని మంగాయి చెప్పెను.

గైరమ్మ ఆ ఒడిలోనే కన్నుమూసెను. సాయంకాలము తలదాపున ఫోను కుయ్యిమనెను. అప్పటికి ఇల్లు నిండ మనుషులుండిరి.

ఇట్లు చిరశ్రవుడు చెప్పగా పర్ణాశనుడు కన్నులు తుడుచుకొనెను. ఈ నోమును పింఛను వచ్చువారు, ఒంటిగా నుండువారు, అక్కర తీరి పొరుగు మరచినవారు, పసుపు ముట్టరాదని పదిమంది దూరము పెట్టినవారు, అందరును పట్టవచ్చును. డబ్బు పడిన దినమే నోము దినము. రాయి, పసుపు, గంజి చాలును. దీనివలన సిరి రెట్టింపగునని చెప్పను. ఉన్న సిరి ఒంటబట్టును, తలుపు తట్టువా రుందురు, కడపటి గుక్కెడు నీళ్లు మనిషిచేతి మీదుగా దొరకును.

కథ ముగిసినది, అక్షింతలు రాళ్లపై వేయుడు. ఇప్పుడు మన రాళ్ల వరుస చూడుడు. ఆరవ రాయి కడ మనిషి లేదు. మూత తీయకుడు. లేచి రండు, పోయి చూచి వత్తము.