నాంచారమ్మ పెరటి మిరప

అనగనగా అంటే ఊఁ కొట్టాలి. కొట్టకపోతే నా కథ గడప దాటదు. కొట్టారా? సరే, అనగనగా పొగడపురంలో నాంచారమ్మ అనే అవ్వ ఉండేది. ఆమె ఆస్తల్లా ఒక పూరిల్లు, దాని వెనక చిన్న పెరడు. ఆ పెరట్లో మిరప వేసి, కాయలమ్ముకుని బతికేది.

పక్కనే వర్తకుడు పేరిశెట్టి మేడ. ఆయనకు బోలెడు తోటలున్నాయి. ఉంటేనేం, కన్నంతా అవ్వ పెరటి మీదే! రాజుగారి దగ్గరికి వెళ్ళి, "ప్రభూ, ఆ ముసలిదాని చేతిలో మంచి నేల పాడైపోతోంది. నాకిప్పిస్తే బంగారం పండిస్తాను" అన్నాడు.

రాజు సునందుడు అవ్వను పిలిపించాడు. "మీరిద్దరూ మిరప పండించి, నేను పెట్టిన గడువుకు ఎండుకాయలు తెండి. ఎవరి కాయ మేలైతే ఆ పెరడు వాళ్ళది" అన్నాడు.

అవ్వ భయపడిందా? అబ్బే! "పెరడు పోతే నాకు కూడు లేదు మహారాజా. అయినా సరే. నా మిరప సంగతి నాకు తెలుసు" అని చెప్పి వచ్చేసింది.

మొక్కలు పూతకొచ్చాయి. పేరిశెట్టి గోడ మీంచి తొంగిచూశాడు.

"అవ్వా, నేను పూటపూటా నీళ్ళు పెట్టిస్తున్నాను. నా కాయలు జానెడు పెరుగుతాయి. నీ మొక్కలు చూడు, దాహంతో అల్లాడుతున్నాయి!"

"మొదలు ఆరితేనే తడుపుతాను నాయనా. నీళ్ళెక్కువైతే కారం పలచబడుతుంది" అంది అవ్వ.

కాయలు దిగాయి. శెట్టి పచ్చీపండూ చూడకుండా అన్నీ కోయించేశాడు. మళ్ళీ గోడ దగ్గరికొచ్చాడు.

"నా కోత అయిపోయింది. నువ్వింకా చెట్టుకే ఉంచావేం? చిలకలు తినేస్తాయి!"

"నాలుగు తింటే తిననీ. కాయ చెట్టు మీదే ఎర్రబడాలి. మనం తొందరపెడితే మిరప వింటుందా?"

ఆరబోసేసరికి శెట్టి కాయలు సగం తెల్లగా పాలిపోయి, పనికిరాని తాలుగా తేలాయి. అప్పుడేం చేశాడో తెలుసా? గుట్టుచప్పుడు కాకుండా ఎర్రరంగు కలిపిన నూనె పట్టించాడు, దొంగ! పైగా అవ్వ దగ్గరికొచ్చి, "నీ కాయలన్నీ ముడతలే. కాస్త నూనె రాయకూడదూ?" అని ఎకసెక్కమాడాడు.

"ఎండిన కాయకు ముడతలే అందం, నాకున్నట్టు!" అంది అవ్వ.

గడువు రోజు వచ్చింది. సభలో రెండు బుట్టలు పెట్టారు. శెట్టి కాయలు నిగనిగలాడుతున్నాయి. సభంతా "ఆహా!" అంది. రాజుగారి చెయ్యి కూడా ఆ బుట్ట వైపే వెళ్ళింది. చూశారా అన్యాయం!

అవ్వ చేతులు జోడించి గట్టిగా అంది. "మహారాజా, మిరపకాయ కంటికి పెట్టుకునే కాటుక కాదు. వంటవాణ్ణి పిలిపించి తాలింపు వేయించండి. తీర్పు ఆ తరవాత చెప్పండి."

సభలోనే పొయ్యి వెలిగింది. వంటవాడు కాగిన నూనెలో శెట్టి కాయలు గుప్పెడు వేశాడు. రంగంతా నూనెలోకి దిగింది, కాయలు వెలవెలబోయాయి. ఒక్కరూ దగ్గలేదు.

మూకుడు కడిగి, నూనె మార్చి, అవ్వవి రెండంటే రెండు కాయలు తుంచి వేశాడు. అంతే! ఘాటు గుప్పున లేచింది. వంటవాడు దగ్గాడు. మంత్రి దగ్గాడు. సింహాసనం మీద రాజుగారు "హాచ్!" అని తుమ్మారు, కిరీటం ఒళ్ళో పడింది.

రాజు కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. "అవ్వా, తీర్పు నా ముక్కే చెప్పేసింది! పెరడు నీదే. శెట్టీ, వచ్చే ఏడంతా ఈ అవ్వ దగ్గర కూలికి వెళ్ళి, మిరప ఎలా పండించాలో నేర్చుకో."

శెట్టి తల దించుకున్నాడు. అవ్వ మాత్రం, "పొద్దున్నే రా నాయనా, కలుపు తీయాలి" అంది.

పైపూత చూసేవరకే నిలుస్తుంది. ఓపికతో, నిజాయితీతో చేసిన పని ఏ పరీక్షకైనా నిలుస్తుంది.