వెండిపెట్టెలో కడిగిన పాట

కొండలకూ ఏటికీ నడుమ, ఒకానొక రాజ్యంలో, విజయకందర్పుడనే రాజు ఉండేవాడు. ఆయనకు రెండు గొప్పలు. ఒకటి తన చెవి. చీమ నడిస్తే ఏ కాలు ముందు వేసిందో చెప్పగలనని ఆయన నమ్మకం. రెండోది తన శాసనం. చాడీలు చెప్పేవాడి మాట నా కొలువులో చెల్లదని రాతి మీద చెక్కించి సింహద్వారం దగ్గర నిలబెట్టించాడు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తాయి.

ఆ రాజుకు పాటలు కట్టే ముసలికవి ఎక్కడో ఏటి ఒడ్డున ఉండేవాడు. కొండ ఎక్కే ఓపిక లేదు. అందుకని పాటను స్వరాలతో సహా తాటాకు మీద రాసి పంపేవాడు. అంచెలంచెలుగా మనుషులు పరిగెత్తి ఆ ఆకును కోటకు చేర్చేవారు. కోటలో నాంచారమ్మ అనే వైణికురాలు దాన్ని చదువుకుని వీణ మీద పలికించేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పని ఆమెదే.

ఇప్పుడు మన ఇళ్ళలోకి ఇంటర్నెట్ తీగ మీదుగా పాట వస్తోంది కదా, ఇంచుమించు అలాగే. తీగలో వచ్చేది పాట కాదు, అంకెలు. ఆకులో వచ్చేదీ పాట కాదు, అక్షరాలు. పాట పుట్టేది ఇంట్లో ఉన్న వాద్యం దగ్గర.

ఒకరోజు శ్రుతిభూషణుడనే పండితుడు కొలువుకు వచ్చాడు. చంకలో ఓ వెండిపెట్టె.

“ప్రభూ, ఆకు సంతల్లోంచి వస్తుంది. కమ్మరి కొలిమి పక్కనుంచి, కుక్కల అరుపుల్లోంచి వస్తుంది. ఆ రొద అంతా ఆకుకు అంటుకుంటుంది. అదే వీణలో మురికిగా పలుకుతుంది. నా పెట్టెలో ఒక్క ఘడియ ఉంచితే రొద పెట్టెలో మిగిలిపోతుంది, పాట బయటికొస్తుంది. తమవంటి చెవి ఉన్నవారికి చెప్పనక్కర లేదు” అన్నాడు.

ఆకును పెట్టెలో పెట్టారు, తీశారు. నాంచారమ్మ వాయించింది. రాజు కళ్ళు పెద్దవి చేసుకుని, “తెర తీసినట్టుంది” అన్నాడు. కొలువంతా అదే మాట అంది. ఫిరంగుల మోతకు సగం చెవుడొచ్చిన సేనాపతికి కూడా తేడా స్పష్టంగా వినిపించింది.

రాజు నాంచారమ్మను అడిగాడు. “నీకెలా ఉంది?”

“నాకు తేడా తెలియలేదు ప్రభూ.”

పండితుడు నిట్టూర్చాడు. “పాపం, వయసు మీద పడితే ముందు పోయేది చెవే.”

రాజు ముఖం ముడుచుకుంది. “వచ్చే సోమవారానికి నీకు తేడా తెలియాలి. తెలియకపోతే వీణ అప్పగించి వెళ్ళు” అన్నాడు. ఆ వీణ కోటది. అది పోతే ఆమెకు మిగిలేవి వేళ్ళ మీది కాయలు.

ఆ రోజునుంచి కొలువులో ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. నీకు వినిపించిందా అంటే నీకు వినిపించలేదా అని ఎదురుప్రశ్న. పండితుడు మాత్రం ఒక్క పెట్టె చాలదనీ, దారిలో ఏడు అంచెలకూ ఏడు పెట్టెలు కావాలనీ, తనకొక మాగాణి కూడా కావాలనీ అన్నాడు. రాజు తల ఊపాడు.

ఆ కొలువులో ఓబులయ్య ఉండేవాడు. మంత్రి కాడు, విదూషకుడూ కాడు. రాజుగారికి పొద్దుపోనప్పుడు పొద్దుపుచ్చే మనిషి. నిజం చెప్పాలంటే అతనికీ తేడా వినిపించింది. ముప్ఫై ఏళ్ళు వాయించిన ఆమెకు తెలియని తేడా తనకెలా తెలిసిందని అనుమానమొచ్చింది, అదీ మొదట తన చెవి మీదే. తర్వాత ఇంకో అనుమానం. ఆకును పెట్టెలో పెట్టిందీ పెట్టనిదీ, నాంచారమ్మ వాయించకముందే పండితుడు ఎందుకు చాటుతాడు? విన్నాక మనల్నే చెప్పమనొచ్చుగా?

నాంచారమ్మ దగ్గరికి వెళ్ళాడు. “అమ్మా, మీరు వాయించేటప్పుడు ఆకు ముందుంటుందా?”

ఆమె నొచ్చుకుంది. “ఆకు ముందు పెట్టుకుని వాయించేది నేర్చుకునే పిల్లలు నాయనా. కొలువులో అలా చేస్తే మా గురువు లేచి వెళ్ళిపోయేవాడు. చదువుకోవడం, నోటికి రావడం, ఆకు భాండారానికి పంపడం. వాయించేటప్పుడు ఆకు కొలువులోనే ఉండదు.”

“ఆకు మీద దుమ్ము పడితే?”

“తుడుస్తాను. అక్షరం చెరిగితే చదవలేను, కబురు పెడతాను. చదవగలిగితే ‘స’ అంటే ‘స’. దుమ్ము పట్టిన ‘స’ అని ఒకటి ఉండదు.”

ఓబులయ్య కాసేపు ఆలోచించి, ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె ముందు వద్దంది. తర్వాత నవ్వింది.

సోమవారం వచ్చింది. ఓబులయ్య పట్టుగుడ్డ చుట్టిన ఒక పాత్ర తెచ్చి సభలో పెట్టాడు. “ప్రభూ, దీని ముందు వెండిపెట్టె దిగదుడుపే. తేడా తెలియాలంటే అందరికీ తెలిసిన పాట కావాలి. ఏలినవారికి ఇష్టమైన వానపాట ఆకును తెప్పించాను” అని దారం కట్టిన చుట్ట చూపించాడు.

“ఏళ్ళ తరబడి మూలపడ్డ ఆకు, రొద పేరుకుని ఉంటుంది” అన్నాడు పండితుడు.

మొదట దేనిలోనూ పెట్టకుండా ఊరికే. నాంచారమ్మ చుట్ట విప్పి చూసుకుంది, మళ్ళీ కట్టి ఇచ్చేసింది, వాయించింది. “బురదలో నడిచినట్టుంది” అన్నాడు పండితుడు. రాజు అవునన్నాడు.

రెండోసారి పండితుడే చుట్టను వెండిపెట్టెలో పెట్టి, ఘడియ ఆగి తీశాడు. వానపాట వినగానే రాజు, “చినుకు చినుకూ విడిగా వినిపించింది” అన్నాడు.

మూడోసారి ఓబులయ్యే చుట్టను పట్టుగుడ్డ పాత్రలో ఉంచి తీశాడు. రాజు ఆసనం మీద ముందుకు జరిగాడు. “ఇదే మేలు.”

“క్షమించాలి ప్రభూ, గమకాల చివర గరుకుంది. వెండి నాణ్యం రాలేదు” అన్నాడు పండితుడు.

“గరుకు లేదు.”

“ఉంది ప్రభూ.”

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. అది ముగిశాక ఓబులయ్య పట్టుగుడ్డ తీశాడు. లోపల ఉన్నది వంటశాలలోని ఆవకాయ జాడీ. అడుగున ఇంకా నూనె ఉంది.

ఓబులయ్య చుట్ట విప్పి పండితుడి చేతికిచ్చాడు. “కాస్త చదవండి.”

పండితుడు చదవలేదు. రాజు లాక్కుని చదివాడు. “ముసలి ఏనుగుకు జొన్నచొప్ప పది మోపులు. గున్న ఏనుగుకు చెరుకు రెండు మోపులు... ఏమిటిది?”

“ఏనుగుల మేత పట్టీ ప్రభూ. వానపాట ఆకు భాండారంలోనే ఉంది. నాంచారమ్మ మూడుసార్లూ నోటికి వచ్చిన పాటనే వాయించింది. వెండిపెట్టె ఏదైనా కడిగి ఉంటే, ఏనుగుల మేతను కడిగి ఉండాలి.”

“మూడుసార్లూ ఒకేలా వాయించావా?” అని రాజు నాంచారమ్మను అడిగాడు.

“నా చేతనైనంత ఒకేలా ప్రభూ.”

రాజు ముఖం ఎర్రబడింది. “అయితే ఓబులయ్యా, సభలో నా చెవిని వెక్కిరించావన్నమాట.”

ఓబులయ్య చేతులు కట్టుకున్నాడు. “ఏలినవారి చెవి ఏ తప్పూ చేయలేదు. వెండి మెరుపు చూసిన కన్ను వెళ్ళి చెవికి చాడీ చెప్పింది. నా కన్నూ అంతే చేసింది. చాడీలు చెల్లవని శాసనం వేసింది తమరే. దాన్ని అమలు చేశానంతే.”

రాజు కాసేపు జాడీ వంక చూశాడు. మీసం కదిలింది. తర్వాత నవ్వు పొట్టలోంచి వచ్చింది, కొలువు కూడా భయం తీరి నవ్వింది. ఆ సందడిలో పండితుడు పెట్టె వదిలేసి వెళ్ళిపోయాడు.

మాగాణి ఓబులయ్యకిచ్చారు. వీణ ఇకనుంచి కోటది కాదు, నాంచారమ్మదేనని రాజు అందరి ముందూ చెప్పాడు. వానపాట మళ్ళీ వాయించమన్నాడు. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు.

వెండిపెట్టెను ఏనుగులసాలకు పంపారు. మావటివాళ్ళు రోజూ మేత పట్టీని అందులో ఒక ఘడియ ఉంచి తీసేవారు. ఏనుగులు మాత్రం అంతకుముందు ఎంత తినేవో అంతే తిన్నాయట.