పురుటిగుండం

పూర్వం సింగనాద్రి అరణ్యసీమను మహీధరవర్మ అనే రాజు పాలిస్తున్న కాలంలో, ఆ అడవి నడుమ ఒక కోయగూడెంలో ఉంగి అనే మంత్రసాని నివసిస్తూ ఉండేది. చుట్టుపట్ల గూడేలలో ఆమె చేతిమీదుగా పుట్టని బిడ్డ లేడు. అట్టి పుణ్యాత్మురాలికి ఉన్న ఒక్కగానొక్క కొడుకు మాత్రం దక్కలేదు. రాజుగారి వేటకు మృగాలను తోలడానికి భటులు అతణ్ణి పట్టుకుపోగా, పులి వాతబడి మరణించాడు.

ఒక శ్రావణమాసంలో, నిండు గర్భిణి అయిన రాణి కనకాంబిక పల్లకిలో పుట్టింటికి వెళ్తూ, కుంభవృష్టికి దారి తెగిపోవడంతో ఆ గూడెం చేరువనే నిలిచిపోయింది. అంతలో నొప్పులు మొదలయ్యాయి. దాసి పరుగున వచ్చి, "అవ్వా, నువ్వు రాకపోతే రెండు ప్రాణాలు పోతాయి" అని ఉంగి కాళ్ళు పట్టుకుంది.

"నా కొడుకును పట్టుకుపోయిననాడు మీవాళ్ళకు ప్రాణం విలువ తెలియలేదు" అని ఉంగి తడిక వేసుకుంది. అయితే వానహోరులోనూ రాణి మూలుగు ఆమె చెవిన పడుతూనే ఉంది. ఏళ్ళ తరబడి ఆ పిలుపునకు లేచివెళ్ళిన కాళ్ళు ఆమెను ఇంట నిలువనియ్యలేదు.

ఒక పెద్ద బండ చాటున మగబిడ్డ పుట్టాడు గాని, ఒళ్ళు చల్లబడి ఉలుకూ పలుకూ లేదు. నీళ్ళు కాచుదామంటే పుల్లలన్నీ నానిపోయి ఉన్నాయి. ఉంగి బిడ్డను గుండెకు అదుముకుని, అరచేత నేలను తాకి, "తల్లీ, నువ్వూ కన్నదానివే. నా కొడుకు నీ ఒడిలోనే ఉన్నాడు. వీణ్ణి మాత్రం ఇప్పుడే తీసుకోకు" అని వేడుకుంది.

భూమి ఒకమారు మూలిగి ఊరుకుంది. మరల మూలిగింది. అంతట బండ పగిలి, మరుగునీరు తాటిచెట్టు ఎత్తున ఎగజిమ్మింది. ఆ నీటిని వాననీటితో చల్లార్చి ఉంగి స్నానం చేయించగా, బిడ్డ కెవ్వున ఏడ్చాడు. కొడుకు పోయిననాడు రాని కన్నీరు అప్పుడు ఆమెకు వచ్చింది.

వార్త విని వచ్చిన రాజు ఆమెకు మాన్యాలిస్తానన్నాడు. "ఈ ఆవిరి కనబడేంత మేర వేట వద్దు దొరా. తోలడానికి ఏ తల్లి కొడుకునూ పట్టుకుపోవద్దు" అంది ఉంగి. రాజు తల వంచి, తన విల్లును ఆ బండపైనే విడిచి, అట్లే శాసనం చేశాడు.

ఆ అడవి నేడు జాతీయ ఉద్యానవనమైంది. పురుటిగుండమని పేరుపడ్డ ఆ మరుగునీటి బుగ్గ చుట్టూ అటవీశాఖవారు కంచె వేశారు. నీరు ఎగసే ముందు నేల ఇప్పటికీ ఆగి ఆగి మూలుగుతుంది. ఆ చప్పుడు వినగానే, చూడవచ్చినవారిలోని పెద్ద ఆడవాళ్ళు మాటలాపి, "అమ్మకు నొప్పులొచ్చాయి" అంటూ లేచి నిలబడతారు. నీరు ఎగసి, మరల బండలోకి ఇంకేవరకు వారిలో ఎవరూ కూర్చోరు.